పడవ కోసం ఎల్లారెడ్డి దాకా

సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాళ్లం, పడవ కొనడానికి సముద్రమే లేని ఊరికి వెళ్తున్నామని చెబితే మా పేటలో అందరూ నవ్వారు. "కోనసీమలో కూర్చుని కొబ్బరికాయ కోసం కామారెడ్డి వెళ్లినట్టుంది మీ యవ్వారం" అన్నాడు మా పక్కింటి ముసలాయన. అన్నవాడికి కామారెడ్డి ఎక్కడుందో తెలియదు. నిజం చెప్పొద్దూ, నాకూ తెలియదు.

పడవ కావలసింది నాకు కాదు, మా చిన్నాన్న కొడుకు సూర్రావుకి. అంతకుముందు కార్తీకంలో వచ్చిన తుఫాను వాడి పడవను రేవు రాళ్ల మీదకు విసిరి నిలువునా చీల్చేసింది. ఆ తుఫానుకు పడవలు పోయినవాళ్లు చాలామంది కాబట్టి మా తీరంలో పాత పడవల ధర కొత్తవాటిని మించిపోయింది. జూన్ మొదట్లో నిషేధం తీరి చేపల వేట తెరుస్తారు. ఆలోగా సొంత పడవ లేకపోతే సూర్రావు ఇంకొకరి పడవలో కూలికి ఎక్కాలి. వాడు ఇరవై ఏళ్లుగా తన పడవలో తానే చుక్కాని పట్టినవాడు. ఆ మాట తలుచుకుంటేనే వాడికి అన్నం సయించేది కాదు.

అలాంటి సమయంలో తెలంగాణకు చేపలు తోలే లారీ డ్రైవరొకడు కబురు తెచ్చాడు. ఎల్లారెడ్డి అవతల నిజాంసాగర్ నీటి అంచున ఒక పాత ఫైబర్ పడవ ఉందట, అమ్మేస్తారట. చేపలు దించాక లారీ ఎలాగూ ఖాళీగానే వస్తుంది, కామారెడ్డి దాకా తెచ్చుకుంటే ఎక్కించుకొస్తానన్నాడు. "నువ్వూ రా అన్నియ్యా, నాకు మాట్టాడ్డం రాదు" అన్నాడు సూర్రావు. పోస్టాఫీసులో గుమస్తాగా చేసి విరమించినవాణ్ని, నాకు మాట్లాడ్డం తప్ప ఇంకేదీ రాదు. అలా బయల్దేరాను. అది రాష్ట్రం రెండు కాబోతున్న ఏడాది మే నెల.

కామారెడ్డి

స్టేషను బయట హోటల్లో కూర్చున్నాం. జొన్నరొట్టె, పక్కన పచ్చిపులుసు. మా వైపు పులుసంటే మరగాలి. ఇక్కడ చింతపండు పిసికి, ఉల్లిపాయలు వేసి, పొయ్యి మొహం చూపించకుండానే తెచ్చి పెట్టారు. సూర్రావు గిన్నెలోకి అనుమానంగా చూసి, "ఉడకబెట్టడం మర్సిపోయారేటి?" అన్నాడు నా చెవిలో. తర్వాత మూడుసార్లు అడిగి పోయించుకున్నాడు. రొట్టె పది రూపాయలు, పులుసు ఎంత పోసినా లెక్క లేదు.

గోడ మీద చేపల పులుసు కూడా రాసి ఉంది. ఏ చెరువు చేపలని అడిగాడు సూర్రావు. వడ్డించేవాడు మా యాస విని నవ్వాడు. "మీ దిక్కుయే సార్. లారీల వస్తయ్. మా చెర్ల నీళ్లుంటె గద చేపలుండేది."

"రాష్ట్రం వస్తోందిగా మీకు" అన్నాన్నేను, ఏదో ఒకటి అనాలని.

"వస్తుంది సార్. నీళ్లు సుత వస్తె సాలు" అని ఇంకో రొట్టె వేసి వెళ్లాడు.

మాతో వాదానికి దిగుతారేమోనని రైల్లో రాత్రంతా జవాబులు కూర్చుకున్నాను. ఒక్కటీ వాడుకోవలసిన అవసరం రాలేదు. పైగా బస్టాండుకు దారి అడిగితే, బెల్లం దిమ్మెలు తూకం వేస్తున్న ఒకాయన తూకం ఆపి, దుకాణం దిగొచ్చి, మమ్మల్ని బస్సెక్కించి వెళ్లాడు.

ఎల్లారెడ్డి

బస్సు దిగేసరికి మల్లయ్య మా కోసం నిలబడి ఉన్నాడు. పడవ అతనిదే, లారీ డ్రైవరు ముందే కబురు పెట్టాడట. నలభై దాటిన మనిషి, సన్నగా, భుజాన తువ్వాలు. "రాండ్రి అన్నా, పొద్దటి సంది సూస్తున్న" అని మా సంచులు తీసుకున్నాడు. ఒక్క మోటారు సైకిలు మీద ముగ్గురం ఎక్కాం. మా వైపైతే ఇద్దరు మాట్లాడుకునేలోపు మూడోవాడు రాజకీయం ఎత్తుతాడు. మల్లయ్య ఊరు చేరేదాకా ఒక్కమాటే అన్నాడు, అదీ నేనడిగితేనే. పడవెందుకు అమ్ముతున్నావంటే, "దుబాయి పోతున్న" అన్నాడు.

ఊరంటే పెద్ద ఊరేం కాదు. ముప్ఫై నలభై ఇళ్లుంటాయి, సగం వాటికి తాళాలు. మగవాళ్లు కొందరు దుబాయిలో, కొందరు బొంబాయి పక్క భివండీలో. ఇళ్ల ముందు ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. మల్లయ్య భార్య నర్సవ్వ కూడా అదే పనిలో ఉంది. మమ్మల్ని చూసి లేచి, మంచినీళ్లిచ్చి, మళ్లీ కూర్చుని ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది. పలకరించలేదు.

మొదట నీళ్లు, తర్వాత చాయ్, ఆ వెంటనే అడక్కుండానే కంచాల్లో అన్నం. మా ఇళ్లలో "భోజనం చేస్తారా" అని అడుగుతాం, వచ్చినవాడు మొహమాటానికి వద్దంటాడు, మనం మళ్లీ బతిమాలతాం. ఇక్కడ ఆ నాటకం లేదు. తింటుంటే లోపల మొగుడూ పెళ్లాల మాటలు వినిపించాయి, అదీ మరాఠీలో. నర్సవ్వ పుట్టిల్లు మహారాష్ట్ర సరిహద్దున బిచ్కుంద దగ్గరట, కోపం వస్తే ఆమెకు ఆ భాషే వస్తుందని తర్వాత తెలిసింది. భాష రాకపోయినా పోట్లాట పోట్లాటేనని మా ఇద్దరికీ అర్థమైంది. సూర్రావు తల వంచుకుని అన్నం కలిపాడు.

నీళ్లు దిగిపోయిన ఒడ్డు

పడవ ఉన్నచోటికి ఊరి నుంచి నడిచే వెళ్లాం. నిజాంసాగర్ నీళ్లు ఎక్కడో దూరంగా తుమ్మచెట్ల అవతల మెరుస్తున్నాయి. "పోయినేడు గీడ దాక ఉండె" అని మల్లయ్య తన కాళ్ల దగ్గర చూపించాడు. అక్కడిప్పుడు నెర్రెలు విచ్చిన మట్టి ఉంది. ఆ మట్టిలో సగం కూరుకుపోయి, నీలంరంగు వెలిసిపోయి కూర్చుంది పడవ.

సూర్రావు మొహం మారిపోవడం నేను చూశాను. చెప్పులు విడిచి, పడవ అంచుకు దణ్ణం పెట్టి లోపలికి దిగాడు. మడమతో అడుగడుగూ నొక్కుకుంటూ నడిచాడు. తర్వాత రూపాయి బిళ్ల తీసి ఒళ్లంతా తట్టడం మొదలెట్టాడు. గట్టిగా ఉన్నచోట టక్కుమంటుంది, లోపల పొర విడిపోయినచోట బోలుగా పలుకుతుంది. ముందు భాగం బాగుంది. పక్కలు బాగున్నాయి. అడుగున చిన్న పగుళ్లు ఉన్నాయి గాని లెక్కలోకి రావు. వెనకవైపు తట్టకముందే, "అన్నియ్యా, ఎంత బాగుందో సూడు! పాతదే గాని గట్టి పిండం" అన్నాడు. తుఫాను తర్వాత వాడు అలా నవ్వడం అదే మొదలు.

ఇక మిగిలింది నీళ్ల పరీక్ష. పడవను నీళ్లలోకి తీసుకెళ్లే వీల్లేదు కాబట్టి నీళ్లనే పడవలోకి తేవాలి. లోపల పోస్తే ఎక్కడ చిల్లుంటే అక్కడ బయటికి కారుతుంది. ఆ ఎండల్లో తాగే నీళ్లకే కటకట, మల్లయ్య ఎవరి బోరు దగ్గరో బతిమాలి డ్రమ్ము నింపించి ట్రాక్టరు మీద తెచ్చాడు. డ్రమ్ములోంచి బిందెతో ముంచి పొయ్యడానికి నర్సవ్వ కూడా వచ్చింది.

మేం ముగ్గురం ముందువైపు కూర్చుని అడుగు చూస్తున్నాం. నర్సవ్వ మాత్రం ప్రతి బిందెనూ వెనకవైపుకే మోసుకెళ్లింది. మోటారు బిగించే వెనక చెక్క ఉంటుందే, దాని మీదే పోసింది. రెండో బిందె కూడా అక్కడే. మూడోదీ అక్కడే. కాసేపటికి ఆ చెక్క బయటివైపు నుంచి ఎర్రటి నీళ్లు బొట్లు బొట్లుగా రాలడం మొదలైంది.

సూర్రావు వెళ్లి కూర్చుని చూశాడు. రంగు కింద వరసగా మేకులు, తలలు తుప్పు పట్టి ఉన్నాయి. వాటి చుట్టూ తడి. తన పనిముట్ల పెట్టెలోంచి స్క్రూడ్రైవరు తీసి నొక్కితే చెక్కలోకి సగం దాకా దిగిపోయింది. ఫైబర్ పడవకు వెనక భాగంలో రెండు ఫైబర్ పొరల మధ్య చెక్క పెడతారు. పై పొరకు చిల్లు పడితే నీళ్లు లోపల చేరి, బయటికి దారి లేక, చెక్కను లోలోపలే కుళ్లబెడతాయి.

"ఈ మేకులెవరు కొట్టారు?" అన్నాడు సూర్రావు.

"మేమే కొట్టినమన్నా" అన్నాడు మల్లయ్య, ఇందులో తప్పేముందన్నట్టు. "మిరుగం కార్తె రాంగనె గంగమ్మకు చేస్తం గద. పడవకు మేకు కొట్టి వేపమండ, నిమ్మకాయ కట్టాలె. ఏడాదికొక్కటి. మా నాయన కట్టె పడవకు సుత కొడుతుండె."

కట్టె పడవకు మేకు కొడితే ఏమీ కాదు. నీళ్లలో ఉబ్బి కట్టే దాన్ని బిగించుకుంటుంది. ఫైబర్ పడవకు అలా ఏటా ఒకటి కొట్టుకుంటూ వచ్చారు, చల్లగా ఉండాలని. మేమూ పడవకు పూజ చేస్తాం. కాని పసుపు దారం కడతాం, దండ వేస్తాం, ఫైబర్‌కు మేకు కొట్టమంటే మా వాళ్లు చెయ్యి నరుకుతారు. దేవుడి పేరు మీద ఇంత నష్టం చేసుకున్నారేమిటని నాకు ఒళ్లు మండింది. మల్లయ్య మొహం చూసి ఊరుకున్నాను. "ఎన్నడు సుక్క లోపటికి రాలే" అని అతను ఎవరూ అడక్కుండానే రెండుసార్లు అన్నాడు.

నర్సవ్వ అడిగింది

సూర్రావు ఎటో నడుచుకుంటూ పోయాడు. మల్లయ్య ట్రాక్టరు దగ్గరికి వెళ్లాడు. నర్సవ్వ ఖాళీ బిందె బోర్లించి, తను నేల మీదే కూర్చుని నా వైపు తిరిగింది. వచ్చినప్పటి నుంచి నాతో ఆమె మాట్లాడటం అదే మొదటిసారి.

"అన్నా, జెర నీతోని ఒక ముచ్చట. పడవ కరాబైందని మీ తమ్మునికి చెప్పు. వద్దనుండ్రి."

నేను తెల్లబోయాను. అమ్ముకునేవాళ్లు సరుకును వద్దనమనడం ఎక్కడా చూడలేదు.

"దుబాయి ఏజెంటుకు కట్టాల్సిన పైసలు గీ పడవ అమ్మితెనే వస్తయ్. ఇంక ఇంట్ల ఏం లేదు అమ్మెటందుకు. గిది అమ్ముడువోకుంటె ఆయన యాడికి పోడు. మా ఊరోళ్లు పోయిండ్రు గద, సావుకు రాలే, పెండ్లికి రాలే. మా వాడకట్టు రాజవ్వ పెనిమిటి పెయ్యి మీద కండ లేక ఉత్త బొక్కల తోని వచ్చిండు." మేకుల వైపు చూసింది. "గవి కొట్టింది నేనే. మేకు కొడితె మనిషి ఒడ్డుకొస్తడని మా అత్త చెప్పింది. గాలొచ్చినా వానొచ్చినా ఎన్నడు రాకుండ లేడన్నా. దుబాయికి ఏం కొట్టాలె నేను?"

అంతకుముందు నాకొచ్చిన కోపం ఏమైందో తెలియదు. చెప్తానని మాత్రం అన్నాను.

చెప్పాను కూడా, ఒక్క ముక్క దాచకుండా. సూర్రావు తుమ్మచెట్టు కింద కూర్చుని అంతా విన్నాడు. చాలాసేపు మట్టిబెడ్డలు విసురుతూ కూర్చున్నాడు. నేను ఏది కోరుకుంటున్నానో నాకే తెలియలేదు. వద్దంటే ఆ తల్లి గండం గట్టెక్కుతుంది. కానీ వీడు ఉత్త చేతులతో ఇంటికెళ్లి, రేపు ఇంకొకడి పడవలో వల లాగాలి.

"ఎనక సెక్క మొత్తం కోసేసి కొత్తది ఎయ్యొచ్చు అన్నియ్యా" అన్నాడు చివరికి. "మిగతాదంతా ఉక్కు. ఇలాంటిది నాకు మళ్లీ దొరకదు." లేచి పంచె దులుపుకున్నాడు. "ఆవిడ బాధ నాకు తెలీదనుకోకు. నా పెళ్లాం కూడా ఇంటికాడ సూత్తా కూకుంది."

బేరం పది మాటల్లో అయిపోయింది. ఎంతకన్నది ఇక్కడ రాయను, ఇద్దరిలో ఎవరూ తల దించుకోవలసినంత కాదు. బేరం కుదిరిందని తెలియగానే నర్సవ్వ బిందె ఎత్తుకుని ఇంటిదారి పట్టింది.

మట్టిలోంచి ట్రాక్టరు మీదికి

మర్నాడు పొద్దున్నే ఊరిలో ఉన్న మగవాళ్లందరూ వచ్చారు. అందరూ అంటే ఆరుగురు, వాళ్లలో నలుగురు ముసలివాళ్లు. పడవ చుట్టూ మట్టి తవ్వి, ముందు తాటిమట్టలు పరిచి, ట్రాక్టరుకు మోకు కట్టారు. వెనక చెక్క మీద బరువు పడకూడదని సూర్రావు మోకును పడవ నడుం చుట్టూ తిప్పి కట్టాడు. పెద్దవాణ్నైనా ఊరుకోలేక నేను కూడా పక్కన ఓ చెయ్యి వేశాను. మోకు తటాలున తెగింది. నేను వెల్లకిలా నిన్న పోసిన నీళ్ల బురదలో పడ్డాను. నన్ను లేపడానికి వచ్చిన ముసలాయన నవ్వు ఆపుకోలేక తనూ కూర్చుండిపోయాడు. "సముద్రం ఈదినోళ్లు, మా బురదల మునిగిండ్రు" అన్నాడు. కొత్త మోకుతో రెండోసారి లాగితే పడవ కదిలింది.

ట్రాలీ కంటే పడవే పొడుగు. వెనక బయటికి వచ్చిన భాగానికి ఎర్రగుడ్డ కట్టారు. నర్సవ్వ పసుపు, కుంకుమ తెచ్చి పడవ ముక్కున పెట్టింది. ఏడ్చి ఆమె మొహం ఉబ్బి ఉంది. ఆమెను ఊరడించాలని కాబోలు, సూర్రావు తన పెట్టెలోంచి సుత్తి, ఓ మేకు తీసి అందించాడు. "ఎలాగూ తీసేసే సెక్కే అమ్మా. మీ పద్ధతి పెకారం ఓటి కొట్టు, మాకూ మంచిది."

ఆమె తీసుకోలేదు. "గవి నా మనిషికి కొట్టినయ్. నీ మనుషులు నీకు కొట్టుకోవాలె" అంది. కోపంగా కాదు, ఉన్న సంగతి చెప్పినట్టే అంది.

తాడ్వాయి మీదుగా

ఎల్లారెడ్డి బజార్లో మా ఊరేగింపు చూడటానికి దుకాణాల్లోంచి బయటికొచ్చారు. "వానలు గట్టిగ వస్తున్నయా ఏందన్నా?" అని ఒకాయన చాయ్ గ్లాసు పట్టుకుని అరిచాడు. పొలం పనికి పోతున్న ఆడవాళ్లు పక్కకు తప్పుకుని పడవను తాకి కళ్లకద్దుకున్నారు. మా పేటలో పడవను అడ్డం తియ్యమని తిడతారు తప్ప ఎవరూ కళ్లకద్దుకోరు.

సూర్రావు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. నేనూ మల్లయ్యా పడవలోనే కూర్చున్నాం. లింగంపేట దాటాక చెట్లు కొంచెం దగ్గరగా వచ్చాయి, గాలి ఆడింది. మల్లయ్య రెండు చేతులతో పడవ అంచు పట్టుకుని, "నీళ్లల్ల ఎన్నడు గింత ఊగలే" అన్నాడు. కొంతదూరం పోయాక తనే మొదలుపెట్టాడు.

"ఆమె మీకు చెప్పింది గద, వద్దనుమని. నాకు ఎరికే. నీళ్లన్ని ఒక్క కాడనే పోసింది."

"తెలిసీ ఎందుకూరుకున్నావు?"

"నేను సుత ఎదురుసూసిన, వద్దంటరేమోనని." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "మేకులు సూసినంక ఇంక అయిపాయె, తీసుకోరు అనుకున్న. పానం నిమ్మళమైంది."

"ఇప్పుడైనా ఏమైంది? మానెయ్యి."

"ఎట్ల మానుతనన్నా? ఊరందరికి చెప్పుకున్న. పాస్‌పోర్టు ఏజెంటు కాడ ఉంది. తారీఖు ఇచ్చిండు. పడవ సుత లేకపాయె, ఇంటి కాడుండి ఏం జేస్త?"

మా ఊరు రమ్మన్నాను. సూర్రావు పడవలో పని ఉంటుంది, ఎప్పుడు కావాలన్నా రైలెక్కితే మర్నాటికి ఇల్లు చేరొచ్చు. మనసులో అనుకుని అన్నమాటే గాని మాటవరసకు కాదు. అతను తల అడ్డంగా ఊపాడు. "సముద్రమంటె నాకు బయమన్నా."

"ఎడారంటే భయం లేదా?"

"గది నేలనే గద" అన్నాడు. ఇద్దరం నవ్వాం. అంతలో తాడ్వాయి దాటాం.

కామారెడ్డిలో లారీ సిద్ధంగా ఉంది. మార్కెట్టు హమాలీలు కేకలు పెట్టుకుంటూ పడవను ఎత్తి లారీలోకి జరిపారు. సూర్రావు తాళ్లు బిగించి, ప్రతి ముడీ లాగి చూశాడు. మల్లయ్య కిందనుంచి చూస్తూ నిలబడ్డాడు. బయల్దేరేముందు సూర్రావు అతన్ని గట్టిగా కావలించుకున్నాడు. వాడు అలా చేసే రకం కాదు. మల్లయ్య ఎల్లారెడ్డి బస్సెక్కి, కిటికీ పక్కన సీటు చూసుకుని, చెయ్యి ఊపాడు.

మా పేట

వేట తెరిచేలోపు సూర్రావు వెనక చెక్క కోసి తీశాడు. లోపల కర్ర నల్లటి ముద్దైపోయి ఉంది. కొత్తది వేసి, పొరలు పోసి, రంగు కొట్టి నీళ్లలోకి దించాడు. వాడి పిల్లలిద్దరూ ఎక్కి తైతక్కలాడారు. తుఫాను తర్వాత ఇన్నాళ్లకు వాడి భార్య వీధిలోకి వచ్చి నలుగురితో మాట్లాడుతోంది. నాకెంత సంతోషమైందో చెప్పలేను. పక్కింటి ముసలాయన కూడా వచ్చి, కామారెడ్డిలో ఇంకేమైనా పడవలున్నాయా అని అడిగాడు.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం రేవులో ఉండగా ఫోను మోగింది.

"అన్నా, నేను నర్సవ్వను. ఎల్లారెడ్డి దిక్కు నుంచి."

మల్లయ్య వెళ్లిపోయాడట. ఏదో కట్టడం పనిలో పెట్టారట, శుక్రవారం శుక్రవారం ఫోను చేస్తాడట. తిండి పడటం లేదని చెప్పాడట. వాళ్ల దగ్గరా వానలు పడుతున్నాయని, నీళ్లు కొంచెం కొంచెంగా పైకి వస్తున్నాయని చెప్పింది.

"పడవ ఎట్లుంది?"

"బాగుందమ్మా. చెక్క మార్చాడు. రోజూ వేటకెళ్తున్నాడు."

"లోపటికి నీళ్లు వస్తున్నయా?"

"చుక్క రావడం లేదు."

ఈ మాటకు సంతోషిస్తుందనుకున్నాను.

"మంచిగుంటె మంచిదే అన్నా" అంది. "మీరు రాకపోతె దాన్ని ఇంకెవ్వరు కొనకపోదురు" అని పెట్టేసింది.

అప్పుడే సూర్రావు పడవ ఒడ్డుకొస్తోంది. వాడి భార్య గంప పట్టుకుని మోకాలి లోతు నీళ్లలోకి ఎదురెళ్లింది. ఆ రోజు చేపలు బాగా పడ్డాయి.